ఒక్క వాద్యం, నిండు కచేరి



మన గోదావరి జిల్లాల్లో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికో, అమ్మవారి జాతరకో ఆర్కెస్ట్రా పెట్టించని ఊళ్లు తక్కువ. రాత్రి తొమ్మిదింటికి మొదలైతే తెల్లవారుజాము దాకా పాటలే. జనం చూపంతా పాడేవాళ్ల మీద. కాస్త మిగిలితే కీబోర్డు మీద, డ్రమ్స్ మీద. ఆ డ్రమ్స్ పక్కన, లైట్లు సరిగా పడని చోట, పొడుగాటి గిటారు భుజానికి తగిలించుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. నాలుగే తీగలు, లావుపాటివి. అది బేస్ గిటార్. ఆయన పేరు మైకులో చెప్పినా ఈలలు పడవు. ఇళయరాజా పాటలు శ్రద్ధగా వినేవాళ్లకు మాత్రం ఆయన పనేమిటో తెలుసు. ఆ పాటల్లో గొంతు పాడే వరస ఒకటైతే, కింద బేస్ గిటార్ పాడే వరస ఇంకొకటి. పల్లవి వదిలేసి ఆ కింది వరసనే పట్టుకుని కూనిరాగం తీసే సంగీతప్రియులు ఉన్నారు.

ఆ వెనక నిలబడ్డాయన ముందుకొచ్చి, గాయకులు అక్కర్లేదు, డ్రమ్స్ అక్కర్లేదు, నేనొక్కణ్ణే వాయిస్తాను వినండి అంటే ఎలా ఉంటుంది? అలా అన్నవాళ్లు ఉన్నారండి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ఈ వాద్యాన్ని బజార్లోకి తెచ్చింది అచ్చంగా వెనక వరస కోసమే. నిలువెత్తు డబుల్ బేస్ మోయలేక, మోసినా మిగతా హోరులో అది వినపడక అవస్థపడే బ్యాండు వాళ్ల కోసం. పాతికేళ్లు తిరిగేసరికి, 1976లో, ఫ్లోరిడాలో పెరిగిన జాకో పాస్టోరియస్ తన మొదటి ఆల్బంలో 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' అనే రచన వాయించాడు. అందులో బేస్ గిటార్ తప్ప ఇంకో వాద్యం లేదు. తీగని పూర్తిగా నొక్కకుండా వేలు ఆనీ ఆననట్టు తాకించి, ఆ లావు తీగల్లోంచి తేటగా మోగే పై స్వరాలు తీశాడు. వెనక వరస వాద్యానికి సొంత గొంతు ఉందని ప్రపంచం ఒప్పుకుంది. ఇవాళ మన దేశంలోనే ముంబయి అమ్మాయి మోహినీ దే బేస్ గిటార్ పట్టుకుని వేదిక మధ్యకి వస్తే జనం ఆమె కోసమే టికెట్లు కొంటున్నారు.

ఇదే పని ఇంకో వాద్యంతో, అంతకన్నా కష్టమైన చోట, మన డెల్టాలో పుట్టిన ఒక పిల్లవాడు చేశాడు. ఈ ప్రసంగం ఆ పిల్లవాడి గురించి. ఊరు పాలకొల్లు. ఇంటిపేరు ఉప్పలపు. లోకానికి తెలిసిన పేరు మాండలిన్ శ్రీనివాస్.

పాలకొల్లు అనగానే మనకి క్షీరారామం గోపురం గుర్తొస్తుంది. సినిమా అభిమానులకు అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ గుర్తొస్తారు. ఆ ఊళ్లోనే 1969 ఫిబ్రవరి 28న శ్రీనివాస్ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు సంగీతం నేర్చినవారు, ఇంట్లో మాండలిన్ ఉండేది. అయిదేళ్ల పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వాయిస్తానని మొండికేశాడు. తండ్రి అది పిల్లచేష్ట అనుకుని లాక్కోలేదు. కొత్త వాద్యం కొనిచ్చి తానే నేర్పడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో మాండలిన్ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఇటలీలో పుట్టిన వాద్యం. బ్యాండ్లతో, నాటక కంపెనీలతో, సినిమా ఆర్కెస్ట్రాలతో మన దేశమంతా తిరిగింది. పాత సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య గలగలమని మోగి వెళ్లిపోయేది చాలాసార్లు ఇదే. హిందీ సినిమా సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్ దీని మీద హిందుస్తానీ రాగాలు వాయించి మెప్పించారు. కానీ కర్ణాటక సంగీత కచేరీలో, మధ్య ఆసనం మీద కూర్చుని, వర్ణంతో మొదలుపెట్టి మంగళం దాకా మాండలిన్ వాయించడం అనేది అప్పటికి ఎవరి ఆలోచనలోనూ లేదు.

సత్యనారాయణ గారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఏసుదాసుకీ గురువైన చెంబై గారే. సుబ్బరాజు గారు ఈ పిల్లవాడి చేతి వాటం చూసి, వీడికి నేను నేర్పుతానన్నారు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన గాత్ర విద్వాంసులు. కాబట్టి ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాడినదాన్ని మాండలిన్ మీద వెతుక్కుని వాయించేవాడు.

శ్రీనివాస్ గురించి రాసినవాళ్లు ఈ సంగతిని ముచ్చటగా చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం అసలు కీలకం ఇక్కడే ఉందనిపిస్తుంది. మాండలిన్ తెలిసిన గురువు దొరికి ఉంటే ఏమయ్యేది? ఈ స్వరానికి ఈ వేలు పెట్టు, ఇక్కడ పిక్ ఇలా పట్టుకో, ఈ వాద్యం మీద ఇది పలుకుతుంది, అది పలకదు అని చెప్పేవారు. పలకదు అన్న మాట దగ్గర శిష్యుడు ఆగిపోయేవాడు. ఈ పిల్లవాడికి పలకదని చెప్పేవాళ్లే లేరు. ఎదురుగా ఒక గొంతు పాడుతోంది. ఆ గొంతులో స్వరం ఒక చోట నిలవదు, ఊగుతుంది, పైనుంచి జారుతుంది, కింద ఆనుకుని లేస్తుంది. అదంతా తన చేతిలో ఉన్న మెట్ల వాద్యం మీద రావాలి. ఎలా అన్నది అతని తంటా. ఆరేడేళ్ల వయసులో రోజూ ఆ తంటా పడ్డాడు. అందుకే పెద్దయ్యాక ఆయన వాయిస్తుంటే కృతిలో మాటలు వినిపిస్తున్నట్టు ఉంటుంది. సాహిత్యంలో దీర్ఘం ఎక్కడుందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే మీటు పడుతుంది. పిక్ ఎక్కడ వేయకూడదో తెలిసిన వాద్యకారుడాయన.

మెట్ల వాద్యంతో కర్ణాటక సంగీతానికి ఉన్న పేచీ ఏమిటంటే గమకం. మన రాగంలో గాంధారం అంటే ఒక బిందువు కాదు. తోడిలో గాంధారం ఒక రకంగా ఊగుతుంది, కాంభోజిలో ఇంకో రకంగా నిలుస్తుంది. పియానో మెట్టు నొక్కితే వచ్చే స్వరం కదలదు. హార్మోనియం సంగతీ అంతే. ఈ కారణం చెప్పే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దగ్గరికి రానివ్వలేదు. మన రాజమండ్రి, కాకినాడ పద్యనాటక వేదికల మీద హార్మోనియం లేనిదే పద్యం లేవని రోజుల్లో, రేడియోలో దానికి ప్రవేశం లేదు. వీణకీ మెట్లున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, మైనంలో నిలిపిన ఇరవై నాలుగు మెట్లు. కానీ వీణ దండి పొడుగు, తీగ ఒక మెట్టు మీదే పక్కకి లాగితే రెండు మూడు స్వరాలు పైకి వెళ్లిపోవచ్చు. మాండలిన్ మీద అంత చోటు లేదు. బేస్ గిటార్ తీగ మోగే పొడవు సుమారు 34 అంగుళాలు. మాండలిన్‌కి అది 14 అంగుళాల లోపే. పైస్థాయిలో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడం శనగగింజంత. పైగా మామూలు మాండలిన్ తీగలు జంటలు. నాలుగు జతలు, మొత్తం ఎనిమిది. ఒక జతని పక్కకి లాగితే రెండు తీగలూ ఒకే కొలతలో లేవవు, ఒకటి ముందూ ఒకటి వెనకా అయి అపశ్రుతి పలుకుతుంది. ఇంకో ఇబ్బంది, మీటిన వెంటనే నాదం ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు దాన్ని పైకీ కిందికీ గబగబా మీటుతూ స్వరాన్ని నిలబెడతారు. ఆ గలగల సినిమా పాటకి అందం. శుభపంతువరాళి ఆలాపనకి అది పనికిరాదు.

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేయించారు. నాలుగుకి తోడు అయిదో తీగ చేర్చి కింది స్థాయికి చోటు చేశారు. ఎలక్ట్రిక్ వాద్యంలో తీగ కింద ఉన్న పికప్ చిన్న కదలికను కూడా పట్టుకుని యాంప్లిఫయర్‌కి పంపుతుంది. కాబట్టి గట్టిగా మీటనక్కర్లేదు. ఒక్క మీటుతో నాదం చాలాసేపు నిలుస్తుంది, ఆ నిలిచినంతసేపూ ఎడమచెయ్యి ఆ నాదాన్ని జార్చవచ్చు, ఊపవచ్చు, లాగవచ్చు. ఒంటి తీగ గనక లాగినా శ్రుతి చెడదు. ఈ మార్పులు విన్నప్పుడు చిన్నవిగానే అనిపిస్తాయి. వాటితోనే ఆ వాద్యం కర్ణాటక సంగీతంలోకి వచ్చింది.

ప్రపంచంలో మెట్ల వాద్యానికి అడ్డుపడే ఇదే గోడ దగ్గరికి వేరే దారుల్లో వచ్చినవాళ్లు కనిపిస్తారు. జాకో పాస్టోరియస్ మెట్లు లేని బేస్ గిటార్ పట్టుకున్నాడు. ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో 'శక్తి' బృందం పెట్టినప్పుడు, తన గిటారుకి మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించుకున్నారు, వీణలో లాగినట్టు తీగ లాగడానికి. శ్రీనివాస్ మెట్లని ముట్టుకోలేదు, తీగల్ని మార్చారు. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న జాగా కోసమే అందరి ఆరాటమూ. ఆ మెక్‌లాఫ్లిన్ తరువాత 'రిమెంబర్ శక్తి' పేరుతో బృందాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు పాలకొల్లు పిల్లవాణ్ణి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకోవడంలో నాకు ఆశ్చర్యం లేదు.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో శ్రీనివాస్ తొలి కచేరి. అప్పటికి తొమ్మిదేళ్లు. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద వాయించాడు. మద్రాసు సభల్లో ముందు వరసలో కూర్చునే పెద్దలకి మొదట్లో అనుమానమే. సినిమా వాద్యం, అందులోనూ కరెంటుతో మోగేది, వాయించేది పన్నెండేళ్ల కుర్రాడు. ఆ అనుమానాన్ని తప్పుపట్టనక్కర్లేదు. వయొలిన్ కూడా ఇలాగే బయటినుంచి వచ్చింది, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి మలిచారు. అది కుదురుకోవడానికి ఒక తరం పట్టింది. ఆ వయొలిన్‌ను పక్కవాద్యం పీట మీంచి లేపి నడిమి పీట మీద కూర్చోబెట్టి ఒంటరి కచేరీలు చేసిన మహానుభావుడు మన ద్వారం వెంకటస్వామినాయుడు గారు. శాక్సఫోన్‌కి కద్రి గోపాల్‌నాథ్ గారు దశాబ్దాల సాధన ధారపోశారు. మాండలిన్ విషయంలో ఈ కుర్రాడు అంత వ్యవధి తీసుకోలేదు. అతనికి మీసాలు వచ్చేలోపే వాదన ముగిసిపోయింది.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. పద్నాలుగేళ్లవాడు. కర్ణాటక సంగీతం పేరు కూడా వినని శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టి, ఇంకా వాయించమని అడిగారు. రాగం పేరు తెలియకపోయినా, తాళం లెక్క తెలియకపోయినా, ఒక వాద్యం ఒక మనిషికి పూర్తిగా స్వాధీనమైందన్న సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

ఇక కచేరి దగ్గరికి వద్దాం. ఆయన కచేరీల రికార్డింగులు, వీడియోలు చాలానే దొరుకుతాయి. నుదుట విభూతి, కుంకుమ, మెరిసే పట్టు చొక్కా, ఒళ్లో ఆ చిన్న వాద్యం. పక్కన వయొలిన్, ఎదురుగా మృదంగం, ఘటమో కంజీరానో. కొన్ని కచేరీల్లో తవిల్ కూడా. తవిల్ అంటే మన డోలు సన్నాయిలోని డోలుకి సోదరి, గుడి ముంగిట మోగే వాద్యం. దాని పక్కన నిలబడాలంటే మాండలిన్‌కి ఎంత సత్తువ ఉండాలో ఆలోచించండి.

ఒక్కసారి శబ్దం తగ్గించి ఎడమచెయ్యినే చూడండి. వేళ్లు మెట్ల మీదినుంచి పైకి లేవవు. వేగంగా వాయించే చాలామంది చేతులు ఎగిరెగిరి పడుతుంటాయి. ఈయన వేలు తీగని అంటిపెట్టుకునే పాకుతుంది. ఒకే వేలు ఒక మెట్టు మీంచి మూడో మెట్టుకి జారి, అక్కడ తీగని రవంత లాగి, వదిలి, మళ్లీ మొదటి మెట్టుకి వస్తుంది. కుడిచెయ్యి ఆ మొత్తానికి ఒక్కసారే మీటింది. ఇప్పుడు శబ్దం పెంచి వినండి. గొంతు పాడినట్టే ఉంటుంది. భుజాలు కదలవు, ముఖంలో ఎక్కడా ప్రయాస ఉండదు. కష్టమైన చోట ఆయన నవ్వుతారు. ఆ నవ్వు కూడా జనం వైపు చూసి కాదు, మృదంగం ఆయన వైపో వయొలిన్ విద్వాంసుల వైపో చూసి.

పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి 'రఘువంశ సుధాంబుధి' కృతి కదనకుతూహల రాగంలోది. వాద్యకారులందరికీ ఇష్టమైనది. ఆ రాగం ఎక్కేటప్పుడు వరసగా ఎక్కదు. స, రి, మ, ద, ని, గ, ప, స అని గెంతుతూ పోతుంది. దిగేటప్పుడు మాత్రం బుద్ధిగా ఒక్కో మెట్టూ దిగుతుంది. అందుకే పాశ్చాత్య బ్యాండు వాసన కొడుతుంది. ఈ గెంతులు మెట్ల వాద్యానికి అనుకూలం. గమకం తక్కువ, ఉరుకు ఎక్కువ. ఇలాంటి చోట మాండలిన్ వాయించేవాడు చప్పట్లు సంపాదించడం తేలిక. శ్రీనివాస్ చేతిలో చిట్టస్వరం రెండో వేగంలో పడ్డప్పుడు కూడా ప్రతి స్వరమూ విడివిడిగా, దేనికది నిండుగా వినిపిస్తుంది. ఒకదానిమీద ఒకటి పడి నలగదు. జనం ఆహా అంటారు. అనాలి కూడా.

అయినా ఆయన గొప్పతనం ఆ వేగంలో ఉందంటే నేను ఒప్పుకోను. వేగం ఇంకా చాలామందికి ఉంది, సాధన చేస్తే వస్తుంది. ఆయన అసలు పరీక్ష ఖరహరప్రియ లాంటి రాగం ఆలాపన. లయవాద్యాలు ఊరుకుంటాయి, తాళం లేదు, సాహిత్యం లేదు, తంబూరా శ్రుతి మాత్రం సాగుతుంటుంది. ఒక్క వాద్యం. షడ్జమం దగ్గర మొదలుపెట్టి పావుగంట పైచిలుకు, అప్పటికప్పుడు, ముందు రాసుకున్నది ఏమీ లేకుండా రాగాన్ని నిలబెట్టాలి. శ్రీనివాస్ అక్కడ తొందరపడరు. మంద్రంలో రెండు మూడు స్వరాల మధ్యే చాలాసేపు తిరుగుతారు. ఆ అయిదో తీగ ఎందుకు వేయించుకున్నారో అప్పుడు అర్థమవుతుంది, గొంతు లోతు నుంచి వచ్చినట్టు గంభీరంగా పలుకుతుంది. రిషభం మీద ఆగి, దాన్ని పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి తాకి చూస్తారు. పంచమం కోసం వినేవాళ్ల ప్రాణం కొట్టుకుంటుంటే ఇవ్వరు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి, అప్పుడిస్తారు. ఆ ఇచ్చిన క్షణంలో సభలో శభాష్ అన్న కేక వినిపిస్తుంది. అది వేగానికి పడే కేక కాదు.

తరువాత తని ఆవర్తనం. మృదంగం, ఘటం వాళ్లకి విడిచిపెట్టే సమయం. చాలామంది ప్రధాన విద్వాంసులు అప్పుడు మంచినీళ్లు తాగుతారు, శ్రుతి చూసుకుంటారు, వాచీ చూసుకుంటారు. శ్రీనివాస్ వాద్యం ఒళ్లో పెట్టుకుని చేత్తో తాళం వేస్తూ, ప్రతి ముక్తాయింపుకి తల ఊపుతూ, లెక్క పడ్డచోట పసిపిల్లవాడిలా సంబరపడతారు. తాను కచేరి మధ్యలో ఉన్నానన్న ధ్యాసే ఉండదు, మంచి శ్రోత అయిపోతారు. ఈ వినడం వచ్చినవాడు గనకే జాకిర్ హుస్సేన్ తబలాతోనూ, మెక్‌లాఫ్లిన్ గిటారుతోనూ ప్రశ్నకి జవాబులా వాయించగలిగారు. 'శాటర్‌డే నైట్ ఇన్ బాంబే' అన్న ఆల్బం 2001లో వచ్చింది, వేదిక మీద నేరుగా రికార్డు చేసింది. అందులో ఎవరూ ఎవర్నీ ఓడించాలని చూడరు. అంతకుముందు 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 'డ్రీమ్' చేశారు. వీటివల్ల ఆయన పేరు ఖండాలు దాటింది, సంతోషమే. కానీ మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఆ సంగమ సంగీతంలో కన్నా ఒక మామూలు సభలో, వయొలిన్, మృదంగం, ఘటం మధ్య, విలంబంలో త్యాగరాజ కృతి వాయించినప్పుడే ఆయన నాకు పూర్తిగా కనిపిస్తారు. అక్కడ ఆయన ఎవరికీ ఏమీ పరిచయం చేయనక్కర్లేదు.

మన డెల్టాలో తీగ వాద్యానికి ఆయన కన్నా ముందే ఒక వరస ఉంది. ఈమని శంకరశాస్త్రి గారు ద్రాక్షారామంలో 1922లో పుట్టారు. వైణిక కుటుంబం. జెమినీ స్టూడియోలో పనిచేశారు, తరువాత ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపారు. వీణ మీద ఒక కథ చెప్పవచ్చని, ఒక కొండ ఎక్కించవచ్చని చూపించారు. ఎవరెస్టు ఆరోహణ స్ఫూర్తితో ఆయన చేసిన 'ఆదర్శ శిఖరారోహణం' అలాంటిదే. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు 1936లో కాకినాడలో పుట్టారు. ఆయన వీణ మీద కోయిల కూసిందంటే, విన్నవాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవారు. గాయకుల వెనకాల కాకుండా, వాద్యమే నాయకుడిగా సభ నింపడం ఈ ఇద్దరూ చేసి చూపించిన పని. ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి, పాలకొల్లు ఇంకొకటి. కాకినాడకి కూతవేటు దూరంలో సామర్లకోట మరొకటి. ఇది కాకతాళీయమే కావచ్చు, చెప్పుకోవడానికి నాకు మాత్రం గర్వంగా ఉంది.

1998లో శ్రీనివాస్‌కి పద్మశ్రీ వచ్చింది. 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే, అన్నతో కలిసి జంటగా ఎన్నో కచేరీలు చేశారు. రాజేష్ ద్వారా, ఇద్దరూ నేర్పిన శిష్యుల ద్వారా ఆ బాణీ నడుస్తోంది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ వ్యాధితో, శ్రీనివాస్ కన్నుమూశారు. నలభై అయిదేళ్లు. కర్ణాటక సంగీతంలో ఆ వయసుకి విద్వాంసుడి సంగీతం ముదురుపాకానికి వస్తుంది. చెంబై గారు డెబ్భై ఏడు దాటేదాకా పాడారు. ఈయనకి ఇంకో ముప్ఫై ఏళ్లు ఉంటే ఆ ఆలాపనలు ఎలా ఉండేవో అని తలచుకుంటే మనసు ఊరుకోదు.

శ్రోతలకు ఒక మాట మనవి చేస్తాను. ఫోనులో ఆయన వాయించిన రెండు నిమిషాల ముక్కలు తిరుగుతుంటాయి. అన్నీ వేగంగా వాయించినవే. అవి చూసి అబ్బురపడి ఆగిపోకండి. పూర్తి కచేరి ఒకటి వెతికి పట్టుకుని, వర్ణం నుంచి మంగళం దాకా, మధ్యలో లేవకుండా వినండి. రాగాల పేర్లు తెలియకపోతే ఏమీ నష్టం లేదు. కృతి పరిచయం ఉంటే, లోపల పాడుకుంటూ, ఆయన మీటు మీ మాటతో ఎక్కడ కలుస్తోందో గమనించండి. ఆలాపన వచ్చినప్పుడు ముందుకి జరపకండి. అదే ఆ కచేరీకి ప్రాణం. 1994లో వచ్చిన 'రామ శ్రీరామ' ఆల్బంతో మొదలుపెట్టినా సరే.

సభలు నడిపేవాళ్లకి ఇంకో విన్నపం. కాకినాడలో వందేళ్లు దాటిన సరస్వతీ గాన సభ ఉంది. రాజమండ్రి, అమలాపురం, భీమవరం, తణుకు, పాలకొల్లు, ఏ ఊరు తీసుకున్నా సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్లు పదిమంది ఉంటారు. గాత్ర కచేరీలకి పిలిచినట్టే ఒంటి వాద్యం కచేరీలకీ విద్వాంసుల్ని పిలవండి. వీణ కావచ్చు, వేణువు కావచ్చు, మాండలిన్ కావచ్చు, ధైర్యముంటే బేస్ గిటార్ మీద రాగం వాయించే కుర్రాడు కావచ్చు. వాద్య కచేరీకి జనం రారన్న మాట నమ్మకండి. మంచి సౌండు ఇవ్వండి, మైకులో వాద్యం గురించి నాలుగు మాటలు చెప్పండి, పక్కవాద్యాల వాళ్ల పేర్లు కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేయండి.

ప్రతి ఏటా ఫిబ్రవరి 28, శ్రీనివాస్ పుట్టినరోజు, వస్తుంది. ఆ సాయంత్రం మీ ఊళ్లో గుళ్లోనో, బడిలోనో, లైబ్రరీ హాల్లోనో ఒక వాద్య కచేరి పెట్టించండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.